చెలిమెలో సబ్బు

నా చిన్నప్పుడు నాకు రోత పుట్టించని వస్తువులు చాలా తక్కువ. పాల మీద మీగడ, ఒకరు తాగి పెట్టిన గ్లాసు, బస్సు కిటికీ కమ్మీల మీద జిడ్డు, వేలు తడిచేసుకుని తిప్పిన పుస్తకం పేజీ, మగ్గిన అరటిపండు మీద నల్లమచ్చ, అన్నిటికీ ముక్కు మూసుకునేదాన్ని. మా అమ్మ దాన్ని శుభ్రత అనుకుని, వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది. నేనూ అదే అనుకున్నాను. ఆ నమ్మకం నా పదో ఏట, ఎల్లారెడ్డి అవతలి అడవిలో, రెండే రెండు రోజుల్లో విరిగిపోయింది. తేదీలు నాకు గుర్తున్నాయి. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, మే నెల పద్నాలుగు మంగళవారం, ఆ మరునాడు బుధవారం.

అప్పుడు మేము కామారెడ్డిలో ఉండేవాళ్ళం. ఎండాకాలం సెలవులకు మా నాన్న నన్ను పెద్దమ్మ ఊళ్ళో దింపి, వచ్చిన బస్సుకే వెనక్కి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆమె ఊరు ఎల్లారెడ్డి దాటాక, పోచారం అడవి అంచున ఉంటుంది. ఆ ప్రయాణంలో మా ముందు సీటులో కూర్చున్న పెద్దమనిషి తంబాకు నములుతూ కిటికీలోంచి ఉమ్మేవాడు. లింగంపేట వచ్చేసరికి పదకొండు సార్లు. ప్రతిసారీ ఆ తుంపరలో కొంత గాలికి తిరిగి వెనక్కే వచ్చేది. నేను ముఖానికి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. ఆ తువ్వాలుతో పాటు నా సొంత గ్లాసు, రేకు డబ్బాలో ఒక ఎర్ర సబ్బు బిళ్ళ కూడా అమ్మ నా సంచిలో పెట్టి పంపింది.

ఆ వారం శుక్రవారం నాడు పెద్దమ్మ పక్కింట్లో పెళ్ళి. అక్కడొక ఆనవాయితీ ఉండేది. బియ్యం, పప్పు, కూరగాయలు పెళ్ళింటివాళ్ళు చూసుకుంటారు, భోజనాలకు ఇస్తార్లు మాత్రం ఆ వాడకట్టులోని ఆడవాళ్ళు కలిసి అడవికి పోయి, మోదుగాకు తెంపుకొచ్చి, కుట్టి ఇవ్వాలి. ఏ ఇంట్లో పెళ్ళైనా అంతే. ఈసారి నాలుగు వందల ఇస్తార్లు కావాలి. ఆకులు పెద్దవైతే ఒక్కోదానికి ఐదు, చిన్నవైతే ఏడు పడతాయి. సగటున ఆరు వేసుకుంటే రెండు వేల నాలుగు వందల ఆకులు. చినిగేవి, పురుగు తిన్నవి ఉంటాయి కాబట్టి మరో మూడు వందలు. ఆడవాళ్ళు తొమ్మిది మంది, అంటే తలా మూడు వందలు. ఈ లెక్క నేనే వేసి చెప్పాను. పెద్దమ్మ నవ్వి, "అయితే నువ్వే మా లెక్కల పంతులమ్మవు, రా" అని నన్నూ వెంట తీసుకుపోయింది.

అడవి అంటే నేను పాఠ్యపుస్తకంలో చూసిన పచ్చని బొమ్మ. అక్కడికి పోయాక చూసింది వేరు. టేకు చెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉన్నాయి. రాలిన ఆకులు కాలి కింద అప్పడాల్లా పగులుతుంటే, వాటి అడుగు నుంచి ఏవేవో పాకిపోతున్నాయి. ఇప్పపూల కాలం దాటిపోయింది, చెట్ల కింద మిగిలిన పూలు కుళ్ళి పులిసిన వాసన కొడుతున్నాయి. కొండముచ్చుల పెంట తొక్కాను. సాలెగూడు ముఖానికి అంటుకుంది, దాని తీగ పెదవి మీద పడితే ఊరిదాకా వినిపించేలా అరిచాను. ఆ ఎండలో పచ్చగా ఉన్నవి మోదుగ, తునికి, వాగు ఒడ్డున నల్లమద్ది చెట్లు, అంతే. ఆడవాళ్ళు మాత్రం తమ పెరట్లో తిరిగినట్టు మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ నడిచారు. నేను లంగా మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, ఎక్కడ అడుగు వేయాలో వెతుక్కుంటూ అందరికన్నా వెనక నడిచాను.

వాగు ఎండిపోయి ఉంది. ఇసుకలో ఒకచోట ముళ్ళకంప కప్పి ఉంటే పెద్దమ్మ ఆగి, దాన్ని కర్రతో పక్కకు జరిపి చూపించింది. కింద మోకాలి లోతు గుంట, అందులో జానెడు నీళ్ళు. దాన్నే చెలిమె అంటారు. ఆ చుట్టుపక్కల తాగే నీళ్ళు అవే. దానికొక పద్ధతి ఉందని చెప్పింది. ముందు నిలవ నీళ్ళు తోడి దూరంగా పారబోయాలి. కొత్త ఊట తేరుకునేదాకా ఆగాలి. ఆకు దొప్పతోనే ముంచాలి, చెయ్యి పెట్టకూడదు. తాగాక మళ్ళీ కంప కప్పాలి. నలభై అడుగుల దిగువన ఇంకొక చెలిమె ఉంది, అది పశువులకు. ఎగువది మనుషులది, దిగువది పశువులది, ఎవరూ ఈ వరస తప్పరు అంది. ఇసుకలోంచి ఊరే నీళ్ళు నేను మాత్రం తాగనని అప్పుడే అనుకున్నాను.

ఆడవాళ్ళు ఆకు తెంపడానికి లోపలికి పోయారు. నన్ను వాగు ఒడ్డున నల్లమద్ది నీడలో కూర్చోబెట్టారు. వాళ్ళు ఒడిలో తెచ్చి పోసిన ఆకును నేను విప్పి, అడుగు వైపు తిప్పి చూసి, తుడిచి, అరవై ఆకులకు ఒక కట్ట కట్టాలి. మోదుగకు ఒక్కో కాడకు మూడేసి ఆకులు. ఇరవై కాడలు ఒక కట్ట. మొత్తం నలభై ఐదు కట్టలు కావాలి. లెక్క బాగానే ఉంది, తిప్పి చూడటమే నరకం. ఆకు పైవైపు ఎంత నున్నగా ఉంటుందో అడుగువైపు అంత భయంకరం. పిట్టల రెట్ట, జిగురు, సాలెపురుగు గుడ్ల తెల్లని బుడిపెలు. నేను రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి తిప్పేదాన్ని.

అప్పుడే ఒక ముసలాయన గొర్రెల మందతో వాగులోకి దిగాడు. ఆడవాళ్ళు అందరూ ఆయన్ని గొర్ల తాత అనేవాళ్ళు. భుజాన నల్ల గొంగడి, దాని వాసన ఆయనకన్నా ముందు వచ్చింది. కంటి మూల పుసి, దాని మీద ఈగ. పళ్ళు తంబాకుతో నల్లబడ్డాయి. గొంగడి మడతలోంచి పిడికెడు తునికి పండ్లు తీసి నాకు ఇవ్వబోయాడు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఆకు పోయడానికి వచ్చిన పెద్దమ్మ రెండు తీసుకుని, తుడవకుండానే నోట్లో వేసుకుంది.

"కామారెడ్డి దొరసానికి మా అడవి పండు పడదాయె!" అని ఆయన పకపకా నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది, దగ్గి పక్కకు ఉమ్మాడు. ఆ ఉమ్మి ఎండుటాకు మీద పడి జారడం చూసి నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత ఆయన దిగువ చెలిమె దగ్గరికి పోయి, గట్టు నీడలో గొర్రెలను పడుకోబెట్టాడు. చేతిలో పని ఆగినప్పుడల్లా నేను ఏదో ఒకటి లెక్కపెట్టేదాన్ని, అప్పుడు గొర్రెలను లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. అందులో ఆరు చిన్న పిల్లలు.

పంతొమ్మిదో కట్ట దగ్గర అది జరిగింది. ముడుచుకున్న ఒక ఆకును చదును చేయడానికి అరచేత్తో నొక్కాను. లోపల లావాటి పురుగు ఉంది. అది నా చేతి కింద పగిలింది. చల్లగా, ఆకుపచ్చగా వేళ్ళ సందుల్లోకి కారింది. నాకు అరుపు కూడా రాలేదు. ఇసుకలో రుద్దాను, ఆకులతో తుడిచాను, వాసన పోలేదు. వెంట తెచ్చుకున్న సంచిలోంచి సబ్బు డబ్బా తీసుకుని చెలిమె దగ్గరికి పరిగెత్తాను. కంప పక్కకు లాగి, రెండు చేతులూ మణికట్టు దాకా అందులో ముంచి, సబ్బు రాసి, కడిగి, మళ్ళీ రాసి, మళ్ళీ కడిగాను. ముఖం కూడా కడుక్కున్నాను. గ్లాసుతో నీళ్ళు ముంచుకుని పక్కన కడుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ చేతులతో నా గ్లాసును ముట్టుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. అదీ నా శుభ్రత.

కడుక్కోవడం అయ్యాక చూస్తే నీళ్ళు మజ్జిగ కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. మీద నురగ తెట్టె కట్టింది. అప్పుడు తెలిసింది ఏం చేశానో. కంప కప్పడం కూడా మరచిపోయి, వచ్చి చెట్టు కింద కూర్చుని, ఇరవయ్యో కట్ట మొదలుపెట్టాను.

నడి మధ్యాహ్నానికి ఆడవాళ్ళు దప్పికతో వచ్చారు. పొద్దున్నుంచి వాళ్ళ గొంతులో చుక్క నీరు లేదు. మొదట చెలిమె దగ్గరికి పోయింది పెళ్ళింటి అత్త, అంటే పెళ్ళికూతురు తల్లి. ఆమె వెంటే మిగిలినవాళ్ళు చేరారు.

"అయ్యో! గిదేందే, నీళ్ళు గిట్ల తెల్లగైనయ్?" అని ఆమె అరిచింది. అందరూ గుంట చుట్టూ వంగారు. ఎవరో ఏదో వాసన వస్తోందన్నారు. ఇంకొకామె, "ముసలోని గొంగడి వాసన, ఇంకేముంటది" అంది. పెళ్ళింటి అత్త నా వైపు తిరిగి, "బిడ్డా, నువ్వీన్నే ఉన్నవు గదా, ఎవలొచ్చిండ్రు?" అని అడిగింది.

నేను ఆలోచించలేదు. ఆలోచించి చెప్పానని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. నాలుక మీద ఏది సిద్ధంగా ఉందో అదే వచ్చింది. "గొర్ల తాత గొర్లు దిగినయ్" అన్నాను.

ఒక్కరు కూడా మళ్ళీ అడగలేదు. తొమ్మిది మంది నోళ్ళు ఒక్కసారి లేచాయి. "ఓ తాతా! కండ్లు నెత్తికెక్కినయా? మనుషులు తాగే చెలిమెల గొర్లను దించుతవా?" అని పెళ్ళింటి అత్త పిలిచిన పిలుపుకు ఆయన తవ్వుకోల పక్కన పడేసి పరుగున వచ్చాడు. అప్పుడే దిగువ చెలిమె తోడటం మొదలుపెట్టాడు, గొర్రెలు ఇంకా నీళ్ళు తాగలేదు. ఆయన వచ్చి నీళ్ళను చూశాడు. పక్కన పడి ఉన్న ముళ్ళకంపను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను చేతులు లంగా కుచ్చిళ్ళలో దాచుకున్నాను.

"అయ్యుంటది బిడ్డా" అన్నాడు ఆయన పెళ్ళింటి అత్తతో. "జర కునుకు పట్టింది. ముసలోన్ని." అని, "జరగుండ్రి, నేనే ఇంకోటి తవ్వి ఇస్త" అంటూ వంగబోయాడు.

"నువ్వు చెయ్యి వెట్టకు! ఆ చేతులతోని తవ్వితే ఆ నీళ్ళు ఎవలు తాగుతరు?" అని ఆమె ఆయన్ని దూరం జరిపింది. "ఇగ ఈ వాగు దిక్కు నీ గొర్లు కనవడొద్దు. పోచారం చెరువు కాడ తాపుకో, పో."

"రెండు కోసులైతది బిడ్డా. మందల పిల్లలున్నయ్."

"మా పానాలు పోవాల్నా మరి?"

ఆయన దిగువకు తిరిగి పోయాడు. గొర్రెలను అదిలించి లేపాడు. నీడలోంచి లేవడానికి అవి ఇష్టపడలేదు, ఒక్కొక్కదాన్ని కర్రతో తట్టి లేపాల్సి వచ్చింది. రెండు కోసులంటే నాలుగు మైళ్ళు, మిట్టమధ్యాహ్నం, నీళ్ళు తాగని మంద. ఈ లెక్క వేయడానికి నాకు క్షణం పట్టలేదు. ఒక్క మాట చెబితే అవి అక్కడే ఆగేవి. కానీ అందరూ నన్ను చూస్తారు, నన్ను తిడతారు, కామారెడ్డిలో అమ్మకు తెలుస్తుంది. వాగు మలుపు తిరిగి ఆఖరి గొర్రె కనబడకుండా పోయేదాకా నేను చూస్తూ కూర్చున్నాను.

గొర్లు దిగిన గుంట తోడినా పనికిరాదని ఆడవాళ్ళు పది బారల ఎగువన కొత్త చెలిమె తవ్వారు. ఊట రావడానికి గంటకు పైగా పట్టింది. ఈలోగా ఒకామె కళ్ళు తిరిగి కూలబడింది, ఆమె ముఖం మీద కొంగుతో విసురుతూ కూర్చున్నారు. నీళ్ళు వచ్చాక అందరూ దొప్పలతో తాగారు, నేను నా గ్లాసుతో తాగాను. ఆ నీళ్ళు నాకు చాలా తియ్యగా ఉన్నాయి. ఇది రాయకుండా దాటేస్తే లెక్క తప్పుతుంది, అందుకే రాస్తున్నాను.

ఆ తర్వాత నా చెయ్యి ఆకు మీదికి పోలేదు, మిగిలిన కట్టలు ఆడవాళ్ళే కట్టారు, సాయంత్రానికి నలభై ఐదూ ఇల్లు చేరాయి. తొవ్వ పొడుగునా ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. "కామారెడ్డి పిల్ల చూశింది గనుక తెలిసింది, లేకుంటే ఆ ముసలోడు ఎన్నడూ చెప్పకపోవు" అని ఒకరు, "చదువుకునే పిల్ల, శుద్ధంగ ఉంటది" అని ఒకరు. ఆ మెప్పు నా ఒంటి మీద పాకినట్టు అనిపించింది. పొద్దున సాలెగూడు పెదవికి తగిలినప్పుడు కూడా నాకు అంత జలదరింపు కలగలేదు.

దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ అన్నం పెట్టింది. ముద్ద కలిపి నోటి దగ్గరికి తెచ్చుకోగానే నా చేతి నుంచి ఎర్ర సబ్బు వాసన వచ్చింది. అక్కడే, కంచం పక్కనే కక్కుకున్నాను. ఎండ దెబ్బ అనుకుని పెద్దమ్మ చల్ల తెచ్చింది, తన కొంగుతోనే నా మూతి తుడిచింది. చేతులు కడగబోతూ ఆగిపోయింది. తన చేతులు చూసుకుంది, నా చేతులు చూసింది. ఆకు తెంపిన తొమ్మిది మంది వేళ్ళకూ పసరు నల్లగా పట్టుకుని ఉంది.

"నువ్వు గూడ ఆకు ముట్టినవు గదా. నీ చేతులు గింత తెల్లగ ఎట్లున్నయే?" అంది మామూలుగానే.

అప్పుడు ఇంకొక అబద్ధం చెప్పడం తేలిక. ఇంటికి వచ్చాక కడుక్కున్నానంటే అయిపోయేది. కానీ ఆ వాగు మలుపు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. మొత్తం చెప్పేశాను. పురుగు నుంచి మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా.

పెద్దమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె చల్ల గ్లాసు కింద పెట్టింది. తర్వాత, "గొర్లు ఎన్నుండె?" అని అడిగింది. నేను లెక్కపెట్టి ఉంటానని ఆమెకు తెలుసు. ముప్పై నాలుగు అన్నాను. పిల్లలు ఎన్ని అంది. ఆరు అన్నాను. "ఈ ఎండల, రెండు కోసులు" అని తనలో తాను అనుకున్నట్టుగా అని, నా గ్లాసు, నా సబ్బు డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. "రేపు పొద్దుగాల నువ్వే చెప్పాలె. నా నోటితోని నేను చెప్ప" అంది. ఆ రాత్రికి అంతే.

బుధవారం పొద్దున ఇస్తార్లు కుట్టడానికి అందరూ పెళ్ళింటి అరుగు మీద చేరారు. నేను వాళ్ళ మధ్య నిలబడి చెప్పాను. పుల్లలు గుచ్చే చేతులు ఆగిపోయాయి. పెళ్ళింటి అత్త చేతిలోని ఆకు అట్లాగే పట్టుకుని, "అమ్మ నా తల్లి, ఆ ముసలోన్ని ఎన్ని మాటలంటిని!" అని నెత్తి కొట్టుకుంది. "నాకప్పుడే అనుమానమొచ్చింది, సబ్బు వాసనని" అంది ఒకామె. "అనుమానమొస్తే గొంగడి మీద ఎందుకు వెడితివే?" అని పక్కనామె అడిగింది. మొదటామె పుల్లలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ, పెళ్ళింటి అత్త, నేను కలిసి పోచారం వైపు నడిచాం. కోసిన జొన్న చేలల్లో కొయ్యకాళ్ళు కాళ్ళను గీరుతున్నాయి. దారిలో ఒక కుంట ఎండిపోతూ, అడుగున మిగిలిన బురదలో చచ్చిన చేపలు ఉబ్బి, ఈగలు ముసిరి ఉన్నాయి. ఇంకో రోజైతే నేను అక్కడి నుంచే వెనక్కి తిరిగేదాన్ని. ఆ రోజు ముక్కు కూడా మూసుకోలేదు. మూసుకునే హక్కు నాకు ఉందనిపించలేదు.

చెరువు గట్టుకు ఇవతల ఒక బీడులో మంద కనబడింది. దగ్గరికి పోతూనే లెక్కపెట్టాను. ముప్పై మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి పిల్లలను విడిగా, పెద్దవాటిని విడిగా లెక్కపెట్టాను. పిల్లలు ఐదే ఉన్నాయి.

ముగ్గురం వస్తుంటే చూసి, మళ్ళీ తిట్టడానికే వచ్చామనుకున్నాడేమో, తాత లేచి నిలబడి తలగుడ్డ సరిచేసుకున్నాడు. నేను ఆయన ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పాను.

"నాకెరికే బిడ్డా" అన్నాడు. "గొర్లు ముండ్లకంపను తీసి పక్కకు వెడ్తయా?"

పెళ్ళింటి అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మరి అప్పుడే చెప్పకపోతివి తాతా, నువ్వే ఒప్పుకుంటివి గదా!" అంది.

"తొమ్మిది మంది ఆడోళ్ళ నోరు ఆ పసిదాని మీద పడుతుండె. నాకైతే అలవాటే" అని నవ్వబోయి ఆగాడు. "గొర్ల తొవ్వ బందు చేస్తరని మాత్రం నాకెరిక లేకుండె."

పెద్దవాళ్ళిద్దరూ ఇంకేదో మాట్లాడుతున్నారు. నేను ఉండలేక, "తాతా, ఒక పిల్ల తక్కువుంది" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. చెరువు దిక్కు చూస్తూ, "అది మొదలే బక్కది బిడ్డా" అన్నాడు. అది నిజమో, నిన్న చెలిమె దగ్గర చేసినట్టే నన్ను ఇంకోసారి కాపాడటమో నాకు తెలియదు. యాభై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ తెలియదు.

ఆయన కుండలోంచి సత్తు గిన్నెలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. పెద్దమ్మ తాగింది, పెళ్ళింటి అత్త తాగింది, మూడోది నేను. గిన్నె అంచు జిడ్డుగా ఉంది, నీళ్ళ మీద గొర్రె వెంట్రుక తేలుతోంది. తాగాను. కథల్లో అయితే ఆ నీళ్ళు అమృతంలా ఉండాలి. నాకు అలా అనిపించలేదు. గొర్రె వాసన కొట్టింది, వెంట్రుక గొంతుకు అడ్డం పడింది, వాంతి వచ్చినంత పనైంది, మింగేశాను. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది, ఆ గిన్నె మీద రోత పోలేదు. రెండూ ఒకేసారి ఉండగలవని ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రానికి మంద వాగుకు తిరిగి వచ్చింది. దిగువ చెలిమెను పెళ్ళింటి అత్త తన చేతులతో లోతు చేసి ఇచ్చింది. శుక్రవారం పెళ్ళి బంతిలో తాతను పిలిచి కూర్చోబెట్టి, తనే వడ్డించింది. నేను దూరం నుంచి చూశాను. దగ్గరికి పోయే ముఖం నాకు లేదు.

ఆ రెండు రోజుల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ చెలిమె దగ్గర సాక్ష్యాలన్నీ పరిచి పెట్టినట్టే ఉన్నాయి. కంప పక్కకు లాగి ఉంది. ఆ గుంట చుట్టూ ఇసుకలో గిట్టల గుర్తులు లేవు. సబ్బు వాసన ఒకామె ముక్కుకు తగిలింది కూడా. ఆ ఆడవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు, అడుగు జాడ చూసి ఏ జంతువు ఎప్పుడు దాటిందో చెప్పగలవాళ్ళు. అయినా ఒక్కరూ కిందికి చూడలేదు. ఎందుకంటే ఆయన మురికిగా ఉన్నాడు, నేను శుభ్రంగా ఉన్నాను. వాళ్ళకు ఆయన మీద ఉన్న రోత ముందే తీర్పు చెప్పేసింది, నా అబద్ధం దాని మీద సంతకం పెట్టింది.

నాకు రోత ఇప్పటికీ తగ్గలేదు, ఈ వయసులో తగ్గుతుందన్న ఆశ కూడా లేదు. ఈ మధ్య ఇంటివాళ్ళతో పోచారం చెరువు చూడటానికి పోయాను. గట్టు పొడుగునా తిని పారేసిన ప్లేట్లు, ఎముకలు, పగిలిన సీసాలు, నీళ్ళ అంచున తేలుతున్న కవర్లు. మా వాళ్ళలో ఒకడు ముక్కు మూసుకుని, కొంచెం దూరంలో మేకలను తోలుకుపోతున్న ఒక పెద్దావిడను చూపించి, అంతా వీళ్ళ వల్లే, వీళ్ళకు శుభ్రత తెలియదు అన్నాడు. నాకూ ఆ మేకల వాసన వస్తూనే ఉంది, నాకూ ముక్కు మూసుకోవాలనే ఉంది. కానీ ఎవరు ఎవరిని వేలెత్తి చూపినా నేను అడిగే మాట ఒకటి ఉంది. అదే అడిగాను.

"నువ్వు కండ్లార చూశినవా?"

వాడు నీళ్ళు నమిలాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. ఆ మంగళవారం నాడు, ఆ వాగులో, తొమ్మిది మందిలో ఒక్కరు నన్ను ఈ మాట అడిగి ఉంటే, నేనూ అట్లాగే నిలబడేదాన్ని.